కాదంటుంది, బాబూ

చిరంజీవికి,

నీ కథ అందింది. డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపి ఫిస్టులా వేసిన చేతిని దిండు మీద పెట్టుకుని, అందులో రక్తం జుమ్మని పారే చప్పుడు వింటూ కమల పడుకునే చోటు బాగుంది. దగ్గర్నుంచి చూసి రాశావు. కానీ కమలకు భర్త కిడ్నీ పెట్టించి, చివరి పేజీలో ఒక మాటన్నావు: "అతనికి ఇద్దరు పిల్లల్ని కని ఇచ్చిన ఒళ్లు, అతని కిడ్నీని కాదంటుందా?" ఆ వాక్యం మీద కోపమొచ్చే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాదంటుంది, బాబూ. ఇద్దరు పిల్లల్ని కన్నది కాబట్టే కాదనే ప్రమాదం ఎక్కువ.

తనదేదో పరాయిదేదో ఒంటికి తెలిపే గుర్తులు కణాల మీద ఉంటాయి, వాటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు. బిడ్డ కణాల మీద తండ్రి నుంచి వచ్చిన గుర్తులూ ఉంటాయి. అలా సగం పరాయిదైన బిడ్డను తల్లి ఒళ్లు తొమ్మిది నెలలూ ఏమీ అనకుండా మోస్తుంది. కానీ కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పు వేళా బిడ్డ కణాలు కొన్ని ఆమె రక్తంలో కలుస్తాయి. కొందరు తల్లుల్లో ఆ గుర్తుల మీద యాంటీబాడీలు పుడతాయి. వాటిని మళ్లీ తయారుచేయగల జ్ఞాపక కణాలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. పిల్లలు పెద్దయ్యాక భర్త కిడ్నీ తెచ్చి ఆమెకు పెడితే, ఆ యాంటీబాడీలు దాన్ని గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే పాడుచేయగలవు. బిడ్డను ఓర్చుకున్న ఒళ్లే బిడ్డ తండ్రిని గుర్తుపెట్టుకుంది. ఇంత కథ చేతిలో ఉండగా "ప్రేమ గెలిచింది" అని ముగించడానికి నీకు మనసెలా ఒప్పింది?

శరీరం గురించి రాసేవాడు శరీరం చేసే పని రాయాలి. ఈ ఒక్క మాట కోసం నేను చాలామందితో తగాదా పడ్డాను. 1943లో మెడవార్ అనే శాస్త్రవేత్త, గిబ్సన్ అనే సర్జన్ గ్లాస్గోలో కాలిన గాయాలతో ఉన్న ఒక యువతి కేసు గురించి రాశారు. ఆమెకు సొంత సోదరుడి చర్మమే అతికించారు. మొదటి విడత కొన్నాళ్లుండి పాడైపోయింది. అతని చర్మమే రెండో విడత పెడితే ఇంకా త్వరగా పోయింది. తోబుట్టువు మీద ఆమెకు ప్రేమ తగ్గిందా? లేదు, ఒంటికి అతని చర్మం గుర్తుంది, అంతే. పదేళ్ల తర్వాత, 1953లో, అదే మెడవార్ బిల్లింగ్‌హామ్, బ్రెంట్‌లతో కలిసి ఇంకా పుట్టని ఎలుక పిల్లల్లోకి వేరే జాతి ఎలుకల కణాలు ఎక్కించాడు. వాటిలో కొన్ని పెద్దయ్యాక ఆ జాతి చర్మాన్ని తమదే అన్నట్టు ఉంచుకున్నాయి. ఓర్పు నేర్పాలంటే దానికో వేళ ఉంది. కమల ఆ వేళ దాటిపోయి వచ్చింది.

మా బావగారు డయాలసిస్ మీద ఉన్న రోజుల్లో ఆఫీసు అవగానే ఆసుపత్రికి వెళ్లి కూర్చునేవాణ్ని. అక్కడి ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన జాలిపడి, దాత కిడ్నీని రోగి ఒళ్లు కాదంటుందేమో ముందే చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష చూపించాడు. దాత తెల్లకణాలను రోగి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో కలిపి, యాంటీబాడీలు పట్టుకున్న కణాల్ని చంపే కాంప్లిమెంట్ ప్రోటీన్లు వేసి, కాసేపాగి రంగు వేస్తారు. మైక్రోస్కోప్‌లో బతికున్నవి మెరుస్తుంటాయి, చచ్చినవి రంగు పీల్చుకుని కనిపిస్తాయి. చావు ఎక్కువైతే క్రాస్‌మ్యాచ్ పాజిటివ్, ఆపరేషన్ లేదు. అది చూశాక ఒక కథ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ సరిగ్గా ఆ పేజీనే కొట్టేసి, భార్య ఏడుపు మాత్రం ఉంచి అచ్చువేశాడు. ల్యాబ్ సంగతులు ఆడవాళ్లు చదవరట! ఆ డయాలసిస్ వార్డులో కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ అంకెలు నోటికి చెప్పే ఆడవాళ్లు ఎంతమందో ఆయనకేం తెలుసు? ఇప్పుడు పోటీల కథలదీ అదే దారి, చివర్లో కన్నీళ్లు వస్తే బహుమతి.

ఇంకొకటి. డిశ్చార్జితో కథ అయిపోయిందన్నావు. అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. కొత్త కిడ్నీని ఒళ్లు కాదనకుండా ఆపే మందు టాక్రోలిమస్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తప్పకుండా వేళకు. రక్తంలో దాని లెవెల్ పెరిగితే కిడ్నీకే దెబ్బ, తగ్గితే రిజెక్షన్ భయం. పంపరపనస కూడా తినొద్దంటారు, మందు లెవెల్ పెరుగుతుందని. 1954లో బోస్టన్‌లో కవలల మధ్య కిడ్నీ మార్చినప్పుడు ఈ మందుల అవసరం రాలేదంటే, వాళ్లు ఒకే రూపు కవలలు కాబట్టి. ముందు ఒకరి చర్మం ఒకరికి అతికించి చూసి మరీ నమ్మారు.

పుస్తకం వేయడం గురించి అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు ఆ ఆపరేషన్ సీను తీసెయ్. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చిన రోజు రాయి. కవరు ముందు ఎవరు విప్పారు? ఎందుకిలా అయిందని అతను అడిగితే డాక్టరు పిల్లల సంగతి ఎత్తిందా? ఆ మాట విన్నాక కమల పిల్లలతో ఎలా మాట్లాడింది? తర్వాత వాళ్లకు దారులున్నాయి: ఇలాగే జత కుదరని ఇంకో జంటతో దాతల్ని మార్చుకునే స్వాప్, ప్లాస్మా మార్చి యాంటీబాడీలు తగ్గించడం, లేదా చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఎదురుచూడటం. వాటిలో ఏది ఎంచుకున్నారో, డబ్బు ఎక్కణ్నుంచి తెచ్చారో కూడా రాయి. ఎన్ని పేజీలైనా ఫర్వాలేదు, నాకే పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు