అమ్మలూ, ఆ పది ప్రశ్నలు అరుగు మీద అడగకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బరంపురం మెడికల్ కాలేజీలో థీసిస్‌కి దురద జబ్బులు తీసుకున్నావట, ఒంటి మీద జబ్బు ముదిరే కొద్దీ బతుకు ఎంత కష్టమవుతుందో లెక్క తేల్చడానికి మా పర్లాకిమిడి వైపు ఊళ్లు తిరుగుతావట. విన్నాక గర్వంతో కాసేపు, టెన్షన్‌తో మిగతా రాత్రంతా నిద్ర పట్టలేదు. చీకటి పడ్డాక కొండల వైపు స్కూటీ వేసుకుని వెళ్లావంటే ఊరుకోను.

గజ్జిని ముందే వేరు చెయ్యి, దానికి ఇంటిల్లిపాదికీ మందు రాయాలి. ఆరు వారాలు దాటిన దురదనే లెక్కలోకి తీసుకో. చిన్నపిల్లలకి ఫారం వేరు. మన చామనఛాయ మీద ఎర్రదనం ఎర్రగా కనిపించదు, నల్లగానో బూడిద రంగులోనో తేలుతుంది, పుస్తకంలో తెల్లవాళ్ల ఫొటోలతో పోల్చి జబ్బు తక్కువని రాసెయ్యకు.

ఇక ఆ డీఎల్‌క్యూఐ, అదే, చర్మం జబ్బు వల్ల బతుకు ఎంత ఇబ్బంది పడుతోందో కొలిచే ఫారం. 1994 నుంచి వాడుతున్న పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30, పది దాటితే బతుకు మీద పెద్ద దెబ్బే అని అర్థం. నేను నర్సుగా ఉన్నప్పుడు ఒక టీమ్ ఇలాంటి ఫారాలే పట్టుకొచ్చింది, ఊళ్లు చూపించింది నేనే. ఒకింట్లో అరుగు మీద కుర్చీలు వేసుకుని కోడల్ని పిలిచారు, అత్తగారు పక్కనే కూర్చుంది. ఇంటిపనికి ఇబ్బందా అంటే "ఏం లేదు బాబూ, అన్నీ చేసుకుంటాది" అని ఆవిడే చెప్పింది. ఆటలకి ఇబ్బందా అంటే అందరూ నవ్వారు. భర్తతో ఇబ్బందా అన్న ప్రశ్న ఫారం నింపే అబ్బాయి అడగలేదు, కోడలు తల ఎత్తలేదు. వర్తించదని టిక్ పెట్టినా సున్నాయే పడుతుంది కదా, మొత్తం కలిపితే రెండో మూడో వచ్చింది. జబ్బు ఆ రెండు అరచేతుల్లోనే కాబట్టి ఒంటి మీద జబ్బు ఎంత మేర ఉందన్న లెక్క కూడా తక్కువే, రెండూ చక్కగా సరిపోయాయని వాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు.

టీకాల రోజు వెనక గుమ్మంలోంచి వెళ్లే నాకు ఆ చేతులు తెలుసు. వేళ్ల సందుల్లో పగుళ్లు, చింతపండు రసం తగిలితే ప్రాణం పోయేంత మంట. పాల కవర్లు చేతులకి తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని అంట్లు తోమేది. పిల్లాడికి పులుసన్నం చేత్తో కలపలేక చెంచాతో పెడితే వాడు తినేవాడు కాదు. రాత్రి గోకుడు చప్పుడుకి మొగుడు విసుక్కుంటాడని వంటింట్లో పడుకునేది. అత్తగారు చెడ్డదని కాదు, ఆవిడ చేతులు కూడా అలా పగిలినవే, అదొక కష్టమని ఎవరూ ఆవిణ్ణి అడిగి ఉండరు.

అందుకే చెప్తున్నా, పిచ్చి పిల్లా, ఆడవాళ్లని ఒంటరిగా అడుగు, నీళ్ల దగ్గరైనా సరే, పెరట్లోనైనా సరే. వర్తించదు అన్నవి ఎన్ని వచ్చాయో విడిగా రాసుకో. నిద్ర సంగతి ఈ పది ప్రశ్నల్లో లేదు, విడిగా అడుగు. చాలామందిలో జబ్బు పెరిగితే కష్టమూ పెరుగుతుంది, నిజమే, కానీ మొహం మీద రూపాయంత మచ్చ ఉన్న పిల్ల వీపంతా ఉన్న మనిషి కంటే ఎక్కువ కుమిలిపోవచ్చు. కాశీనగర్ వైపు మనవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చాలామంది బడిలో నేర్చింది ఒడియా అక్షరాలు, తెలుగుదీ ఒడియాదీ రెండు ఫారాలూ పట్టుకెళ్లు.

పేర్లు మాత్రం రాయకు, నంబర్లు వెయ్యి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో పిల్లకి చర్మం జబ్బని బయటికి పొక్కితే ఏమవుతుందో నీకు తెలీదు, నాకు తెలుసు. ఆ వివరాలు రాసుకున్న పుస్తకం బండి డిక్కీలో వదిలి టీ తాగడానికి వెళ్లకు, నీ మతిమరుపు నాకు కొత్తా!

ఫారాలు నింపించుకుని మందు చీటీ రాయకుండా వచ్చావో, సాయంత్రానికల్లా నాకు ఫోన్లు వస్తాయి. ఆ ఊళ్లలో నా నంబరు ఇంకా అందరి దగ్గరా ఉంది.

మీ పెద్దమ్మ