మరణానికి గుర్తులు అన్ని చోట్లా ఒకటేనా?

"నలుపు దుఃఖానికి గుర్తు, పుర్రె చావుకు గుర్తు అంటారు కదా, ఇవి అన్ని సంస్కృతుల్లోనూ ఒకటేనా? వేరే దేశంవారి ఇంట్లో ఎవరైనా పోతే మనం ఎలా మెలగాలి?" అని మీరు అడిగారు. ఒకటి కావని చెప్పడం తేలికే, కానీ ఆ తేడా ఎంత లోతైనదో నాకు తెలిసివచ్చింది మాత్రం భోజనాల బల్ల దగ్గర నేను చేసిన ఒక పొరపాటు వల్ల.

జపాన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, చాప్‌స్టిక్స్‌తో పట్టుకున్న ఒక ముక్కను ఎదురుగా కూర్చున్న సహోద్యోగికి అందించబోయాను. ఆయన తన పుల్లలతో దాన్ని అందుకోకుండా చేయి వెనక్కి తీసుకుని, చిన్న పళ్ళెం ముందుకు జరిపారు. ఒక్క క్షణం బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండేళ్ళ తర్వాత ఆయన తల్లి కాలం చేసినప్పుడు దహనశాలకు నన్ను కూడా రమ్మన్నారు.

దహనం ముగిశాక, ఇంకా వేడి తగ్గని పళ్ళెం మీద అస్థికలను బయటికి తెచ్చారు. బంధువులు ఇద్దరిద్దరుగా ముందుకు వచ్చి, ఇద్దరూ కలిసి ఒకే ఎముకను పొడవాటి పుల్లలతో పట్టుకుని కుండలో ఉంచసాగారు. పాదాల ఎముకలతో మొదలుపెట్టి క్రమంగా పైకి వెళ్ళారు, లేకపోతే ఆమె కుండలో తలకిందులుగా ఉండిపోతారని వారి భావన. మెడ దగ్గరి వెన్నుపూసను చివరిదాకా అట్టే పెట్టారు. ధ్యానంలో కూర్చున్న బుద్ధుడి ఆకారంలో ఉంటుందని దాన్ని 'గొంతులోని బుద్ధుడు' అంటారు. నా వంతు వచ్చినప్పుడు ఎముక ఎంత తేలికగా ఉందంటే, కాస్త బిగిస్తే పొడి అయిపోతుందేమోనని చేయి వణికింది. ఆ పని చనిపోయినవారికి మాత్రమే చేస్తారు కాబట్టే, అన్నం దగ్గర పుల్లల నుంచి పుల్లలకు ఏదీ అందించుకోరని అప్పుడు అర్థమైంది. ఆమెకు కట్టిన తెల్ల కిమోనో కూడా అంతే: బతికున్నవారికి ఎడమ అంచు పైకి వస్తుంది, ఆమెకు కుడి అంచు పైకి తెచ్చారు.

ఆ రోజు వచ్చినవారందరూ నలుపే వేసుకున్నారు, కానీ జపాన్‌లో సంతాపపు రంగు ఒకప్పుడు తెలుపు. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో, మెయిజీ చక్రవర్తి కాలంలో, ఐరోపా ప్రభావంతో నలుపు స్థిరపడింది. ఆ ఐరోపాలోనే విక్టోరియా రాణి 1861లో భర్త పోయిన నాటి నుంచి 1901లో తాను కన్నుమూసే వరకు నలుపు విడవలేదు. రెండు మూడు తరాల్లో మారిపోగలిగిన రంగును పట్టుకుని ఒక సంస్కృతి మనసు చదవలేమని నా అభిప్రాయం.

పుర్రె సంగతీ అంతే. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పోయినవారు ఇంటికి వస్తారని నమ్మి, బంతిపూలతో దారి వేసి, పంచదారతో చేసిన పుర్రెల మీద బతికున్న స్నేహితుల పేర్లు కూడా రాసి ఇస్తారు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా ప్రజలైతే అంత్యక్రియలు జరిగే దాకా, అంటే కొన్నిసార్లు ఏళ్ళ తరబడి, మృతదేహాన్ని ఇంట్లోనే ఉంచుకుని 'జబ్బుపడిన మనిషి' అని పిలుస్తారు, పలకరిస్తారు, భోజనం పెడతారు. ఊపిరి ఆగిన క్షణమే మరణమన్నది మనం ఎంత సులువుగా అనుకుంటామో!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రాబందు. టిబెట్‌లో దేహాన్ని రాబందులకు వదలడం ఆఖరి దానం. పార్సీలు పాటించే జొరాస్ట్రియన్ మతంలో అదే పని నిప్పు, నేల, నీరు మైలపడకుండా కాపాడే మార్గం. పక్షి ఒకటే, దాని మీద నిలిచిన భావాలు రెండు. 1990ల నుంచి భారతదేశంలో పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కుప్పకూలిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించినా అవి మునుపటిలా తిరిగి రాలేదు. దాంతో ముంబైలోని పార్సీలు, దేహాలు ఎండిపోయేలా సూర్యరశ్మిని కేంద్రీకరించే అద్దాలు అమర్చుకోవాల్సి వచ్చింది. పక్షి పోతే నమ్మకానికి ఆధారమే కదిలిపోతుందని, చావు గురించిన ఆలోచన ఎంత భౌతికమైనదో అని, నాకు ఆ సంగతి తెలిసిన రోజు అనిపించింది.

మా నాన్నగారు ఆసుపత్రిలో పోయినప్పుడు సిబ్బందే అన్నీ చకచకా ముగించి, సంతకం కోసం కాగితం నా ముందు పెట్టారు. చేతులతో చేయడానికి నాకంటూ ఏ పనీ మిగలలేదు, ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. అందుకే మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: ఏ రంగు వేసుకోవాలన్నది ఎలాగూ తెలుసుకుంటారు, యూదుల సంతాపానికి పూలు తీసుకువెళ్ళడం ఆనవాయితీ కాదని, సమాధి మీద చిన్న రాయి ఉంచుతారని కూడా తెలుసుకుంటారు, కానీ అంతకన్నా ముందు మీరు చేయగల పని ఏదైనా ఉందా అని ఆ ఇంటివారినే అడగండి. దహనశాల గుమ్మంలో నేను నా సహోద్యోగిని అదే అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకుండా పుల్లలు నా చేతిలో పెట్టి, తన పక్కన నిలబడమన్నట్టు కాస్త జరిగారు.