వజ్రపు పలక మీద ఎంత నూరినా కత్తికి పదును రావడం లేదా?

ఒకవైపు 400, రెండోవైపు 1000 గ్రిట్ (గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నున్నన) ఉన్న వజ్రపు పలక కొన్నారు. మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు కత్తిని అరగంట నూరినా టమాటా తెగకుండా నలుగుతోంది. పలక నకిలీదా, కత్తిపీటకు కూడా ఇదే వాడవచ్చా అని అడిగారు.

పలకను అనుమానించే ముందు ఆ అరగంట సంగతి చూడాలి. మా అపార్టుమెంటులో సగం వంటిళ్ళ కత్తులు నా దగ్గరికే వస్తుంటాయి. మరీ మొద్దుబారితే తప్ప 400 వైపు మీద ఏ కత్తికీ అంతసేపు పట్టదు. కాబట్టి పలక మీ కత్తి వాదరకు, అంటే కోసే అంచుకు, చివరిదాకా తగలకపోతూ ఉండాలి, లేదా నూరినప్పుడు లేచిన గరుకు పొరను మీరు తీయకుండా వదిలేస్తూ ఉండాలి.

మొదటిది తేల్చుకోవడానికి నల్ల మార్కరు చాలు. వాదర పొడవునా రెండు పక్కలా రంగు పూసి, పలక మీద నాలుగైదుసార్లు మెల్లగా నడిపి చూడండి. చివరిదాకా రంగు పోతే మీ కోణం సరిగ్గా ఉన్నట్టే. పైన పోయి అంచున మిగిలితే కత్తిని మరీ పడుకోబెడుతున్నారు. అంచున మాత్రమే పోతే మరీ ఎత్తుతున్నారు. మన మార్కెట్లో దొరికే మెత్తటి స్టీలు కత్తులకు ఒక్కో పక్క 20 డిగ్రీల కోణం నిలుస్తుంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న కత్తయితే దాని వెన్ను పలకకు దాదాపు 14 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. 15 డిగ్రీలకు దించితే ఎత్తు 10 మిల్లీమీటర్లకు వస్తుంది. నూరిన రోజు బ్రహ్మాండంగా తెగుతుంది కానీ, ములక్కాడలు కోసే ఇంట్లో ఆ అంచు తొందరగా వంగిపోతుంది. ఒకటి రెండు డిగ్రీల తేడా వచ్చినా ఫరవాలేదు, పట్టిన కోణాన్ని చివరిదాకా మార్చకుండా ఉండటమే కష్టం.

ఇక గరుకు పొర. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఒక పక్కే నూరుతూ పోతే అంచు పల్చబడి, అవతలి పక్కకు సన్నటి పొరగా మడుచుకుంటుంది. కంటికి సరిగ్గా కనిపించదు. బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు బయటికి లాగితే చర్మానికి గీరుకున్నట్టు తెలుస్తుంది. వేలిని అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ నడపవద్దు. పిడి దగ్గర నుంచి మొన దాకా ఆ గరుకు తగిలితేనే రెండో పక్కకు తిప్పండి. ఎక్కడైనా తగలకపోతే అక్కడింకా పలక వాదరను చేరలేదన్నమాట. మొన దగ్గరి వంపులో ఎక్కువగా ఇలా అవుతుంది.

రెండు పక్కలా పొర లేచాక 1000 వైపుకు మారి, ఈ పక్క ఒకసారి ఆ పక్క ఒకసారి, ప్రతిసారీ ఒత్తిడి తగ్గిస్తూ పోవాలి. చివరి నాలుగైదు సార్లు కత్తి బరువు తప్ప మీ చేతి బరువు పడకూడదు. తరవాత పాత తోలు బెల్టు లోపలి వైపు మీద, వాదర వెనక వచ్చేలా పదిసార్లు లాగండి. ఈ పని ఎగ్గొడితే కత్తి మొదటి రోజు కాగితాన్ని కోస్తుంది, తర్వాత ఆ పొర మడతపడి మళ్ళీ మొద్దు. ట్యూబులైటు కింద వాదరను పైకి పెట్టి చూడండి. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు. తెల్లటి గీత మెరిసిన చోట ఇంకా పని మిగిలి ఉంది.

గట్టిగా నొక్కుతున్నారేమో కూడా చూసుకోండి. నల్ల కార్బొరండం రాయి అలవాటున్నవాళ్ళు అలాగే చేస్తారు. ఆ రాయికి అది చెల్లుతుంది, పాత రేణువులు రాలి కొత్తవి పైకి వస్తాయి. వజ్రపు పలక మీద ఉండేది నికెల్ పూతలో ఇరుక్కున్న వజ్రపు రేణువుల ఒకే ఒక్క వరస. నొక్కితే అవి ఊడిపోతాయి, కింద ఇంకో వరస ఉండదు. కొత్త పలక మొదట్లో మరీ గరుకుగా ఉండి, కొన్ని కత్తుల తరవాత నెమ్మదిస్తుంది. అరిగిపోయిందని పారేయకండి, అసలు పని చేసేది అప్పటినుంచే. నూనె అక్కర్లేదు. నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి వాడి, అయ్యాక పాత టూత్‌బ్రష్షుతో నల్లటి మడ్డి కడిగి, తుడిచి ఆరబెట్టండి.

1000 దాటి ఇంకా నున్నటి పలకలు కొనమని నేను చెప్పను. టమాటా తోలును పట్టుకోవడానికి అంచులో కాస్త కరుకుదనం ఉంటేనే మేలు. విదేశాల నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన గట్టి జపాను కత్తి ఉంటే దాన్ని 400 మీద పెట్టకండి, పెళుసైన అంచు చిట్లవచ్చు. ఇంత చేసినా గ్రానైటు గట్టు మీదే కూరగాయలు కోస్తే పదును ఆ పూటే పోతుంది. మా అమ్మ నిమ్మకాయలను స్టీలు పళ్ళెంలో పెట్టి కోస్తుంది. చెప్పి చూశాను. మాన్పించడం కంటే మళ్ళీ నూరిపెట్టడమే తేలిక.

కత్తిపీటకు ఈ పలక వాడవచ్చు, కానీ పీటను కదపకుండా పలకనే కదపాలి. కూరగాయలు తరిగేటప్పుడు వాదర మీ వైపే ఉంటుంది కాబట్టి నూరేటప్పుడు అవతలి పక్క కూర్చుని పీటను కాలితో అదిమిపట్టండి. వేళ్ళు వాదర దాటకుండా పట్టుకునే చిన్న పలక దీనికి మంచిది. వంపు వెంబడి అడుగు నుంచి కొన దాకా లాగాలి. ఆవకాయ ముక్కలు కొట్టే కత్తిని మాత్రం ఇంత పల్చగా నూరవద్దు. టెంకతో సహా నరికే దాని అంచు మందంగానే ఉండాలి, 25 డిగ్రీలు దాటినా తప్పులేదు. దానికి 400 వైపు ఒక్కటే చాలు.