మూడు నెలలుగా కార్డులే కాపీ చేయిస్తున్నారు, మాన్పించాలా?

వరంగల్ నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయి బీకామ్ అయ్యాక హైదరాబాద్‌లో పెళ్లిళ్లు, కంపెనీ వీడియోలు తీసే చిన్న ఆఫీసులో అసిస్టెంట్‌గా చేరిందట, మూడు నెలలైనా కేబుళ్లు చుట్టడం, కెమెరా మెమరీ కార్డుల్లోని వీడియోలు కంప్యూటర్లోకి కాపీ చేయడమే తప్ప కెమెరా ముట్టుకోనివ్వట్లేదట, మాన్పించి కోర్సులో చేర్పించమంటారా అని.

ఇప్పుడే వద్దు సార్. ముందు అమ్మాయిని ఒక్కటి అడగండి, కాపీ అయ్యాక ఆ ఫుటేజ్ కూర్చుని చూస్తోందా, లేక కాపీ పెట్టేసి ఫోన్ చూసుకుంటోందా? నా సలహా మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

కార్డుల పని చిన్నదేం కాదండీ. కంపెనీ ఇంటర్వ్యూ అయితే బతిమాలి మళ్లీ తీయొచ్చు, తాళి కట్టేది మళ్లీ తీయలేరు కదా, అందుకే రెండు వేరే వేరే డ్రైవుల్లో కాపీ పడి, ఫైళ్లు ఓపెన్ అవుతున్నాయో లేదో చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి. 4కే లో సెకనుకి 100 మెగాబిట్లతో తీస్తే ఒక్క కెమెరాకే గంటకి సుమారు 45 జీబీ, పెళ్లిలో రెండు మూడు కెమెరాలు ఉంటాయి, లెక్కేసుకోండి. కొత్తమ్మాయికి అది అప్పజెప్పారంటే ఎంతో కొంత నమ్మకం ఉన్నట్టే.

అసలు లాభం వేరే ఉంది. ఫైనల్ వీడియోలో మూడు సెకన్లు కనిపించే షాట్‌ని కెమెరామెన్ ఎంతసేపు పట్టాడు, ముందూ వెనకా ఎంత వదిలాడు, ఎడిటర్ ఏది పక్కన పడేశాడు, ఇవన్నీ రా ఫుటేజ్ (ఎడిట్ చేయని అసలు వీడియో) చేతిలో ఉన్నవాళ్లకే కనిపిస్తాయి, ఫీజు కట్టినా ఇంత మెటీరియల్ ఎవరూ చూపించరు. చూస్తే డౌట్లు వాటంతటవే వస్తాయి. ఉదాహరణకి ఫంక్షన్ హాల్లో ఒక కెమెరా క్లిప్‌లో మాత్రం చారలు కదుల్తుంటాయి, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/60 వంతు పెడితే దానికి కుదరదు, 1/50 గానీ 1/100 గానీ పెట్టాలి. ఇలాంటివి షూట్ మధ్యలో అడిగితే కసురుతారు (కసరాలి కూడా), సామాన్లు సర్దేటప్పుడు అడిగితే అదే మనిషి మెనూ తెరిచి మరీ చూపిస్తాడు.

కెమెరా ఇచ్చేదాకా ఎడిటింగ్ మొదలెట్టమనండి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ చాలు, ల్యాప్‌టాప్ మాత్రం కాస్త గట్టిది కావాలి. ఓనర్‌ని అడిగి, డెలివరీ అయిపోయిన ఒక ఫంక్షన్ రా ఫుటేజ్‌తో సొంతంగా రెండు నిమిషాలు కట్ చేసి ఎడిటర్‌కి చూపించాలి, తిట్లు పడతాయి, పర్లేదు.

కోర్సులకి నేను వ్యతిరేకం కాదు. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో పీజీ కోర్సులకి డిగ్రీ ఉన్నవాళ్లు ఎంట్రన్స్ రాయొచ్చు, రెండేళ్లయ్యాక రాసినా ఈ అనుభవం ఎక్కడికీ పోదు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అనే మూడు నెలల కోర్సులైతే, ఒక్కో స్టూడెంట్ చేతికి కెమెరా ఎన్ని గంటలు ఇస్తారో అడగండి, సమాధానం సాగదీస్తే లేచి వచ్చేయండి.

ఇంకో రెండు మూడు నెలలు చూడండి. అడిగినా ఎడిటర్ పక్కన కూర్చోనివ్వకపోతే, స్టైపెండ్ ఎగ్గొడుతుంటే, అర్ధరాత్రి పెళ్లి షూట్ అయ్యాక ఇంటికి బండి పెట్టకపోతే ఆఫీసు మార్పించండి, ఫీల్డ్ మాత్రం కాదు. అన్నట్టు షోరీల్‌లో (తన పని చూపించుకునే చిన్న వీడియోలో) క్లయింట్ల ఫుటేజ్ వాడుకోవడానికి పర్మిషన్ ఇప్పుడే వాట్సాప్‌లో రాయించుకోమనండి, మానేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు.