ఎర్ర మందు ఎక్కిస్తూ గుండెకి ఎకో ఎందుకు?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పలాస దగ్గర పల్లె. అమ్మకి రొమ్ము కేన్సరని విశాఖలో కీమో పెడుతున్నారు. ఎర్ర మందు ఎక్కించాక యూరిన్ ఎర్రగా వస్తే రక్తమేమోనని హడలిపోయాం, మందు రంగేనంట. మరి జబ్బు రొమ్ములో ఉంటే గుండెకి ఎకో ఎందుకండీ? పక్క బెడ్ ఆమెకి ఇదే మందు ముందు బాగా పనిచేసి తర్వాత పనిచెయ్యడం మానేసిందంట, అదేటి?

జవాబు: అది డాక్సోరూబిసిన్ అయ్యుంటుంది, చీటీలో ఓసారి చూసుకోండి. రంగు ఒకట్రెండు రోజుల్లో పోతుంది.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, మందం 5 నానోమీటర్లో ఎంతో. ఈ మందు చాలావరకు ఎవరి సాయం లేకుండానే ఆ పొరలో దూరి లోపలికెళ్ళి డీఎన్ఏని పట్టుకుంటుంది. అన్ని మందులకీ అలా కుదరదు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తెచ్చిన మెథోట్రెక్సేట్ అనే కేన్సర్ మందు అయితే ఫోలిక్ యాసిడ్ పోలికతో ఆ విటమిన్ వెళ్ళే దారిలోనే వెళ్తుంది.

ఇక గుండె. కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాకి కూడా పొరలుంటాయి, లోపలి పొరలో కార్డియోలిపిన్ అనే కొవ్వు ఉంది, దానికి నెగటివ్ చార్జి, మన ఎర్ర మందుకేమో పాజిటివ్, ఇంకేముంది, పోయి అతుక్కుంటుంది. పొద్దస్తమానం కొట్టుకునే గుండెలో మైటోకాండ్రియా మరీ ఎక్కువ కదా, దెబ్బ అక్కడ గట్టిగా తగులుతుంది. కారణం ఇదొక్కటే కాదు గానీ ఇది పెద్దదే. అందుకే గుండె ఎలా పనిచేస్తోందో చూసే ఎకో స్కాన్. అందుకే జీవితం మొత్తమ్మీద డోసుకి హద్దు కూడా, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 450-550 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. పాత చీటీలు పారెయ్యకండి, ఆసుపత్రి మారితే ఈ లెక్క వాటిలోనే దొరుకుతుంది.

పక్క బెడ్ ఆమె సంగతి చూడకుండా చెప్పలేను, కారణాలు చాలా ఉంటాయి. ఒకటి మాత్రం 1976లో కెనడాలో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు పట్టుకున్నారు: పీ-గ్లైకోప్రొటీన్. కణం పొరలోనే ఉండే పంపు ఇది, భావనపాడు జాలర్లు పడవలోకొచ్చిన నీళ్ళు తోడి పారబోసినట్టు లోపలికొచ్చిన మందుని బయటికి తోసేస్తుంది. దీన్ని ఆపే మందులు చాలా ప్రయత్నించారు, పెద్దగా కలిసిరాలేదు.

ఇదే మందుని కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే రకం కూడా ఉంది, 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెకి కాస్త నయం గానీ అరిచేతులూ అరికాళ్ళూ మండి తోలు ఊడొచ్చు. అమ్మగారికి పనికొస్తుందో లేదో ఆవిడ డాక్టరే చెప్పాలి. ఈలోగా ఆయాసం, పాదాల వాపు కనబడితే వచ్చే కీమో దాకా ఆగకుండా ఫోన్ చెయ్యండి.