'వాళ్ళ నోరు మూయించు' అనకండి

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అబ్బాయి గవర్నమెంటు స్కూల్లో చదివి టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. విశాఖపట్నంలో ఇంటర్ ఎంపీసీలో చేర్చాం. అక్కడ వాడి యాసకి నవ్వుతున్నారట. 'శ్రీకాకుళం వాళ్ళకి మేథ్స్ ఎక్కడొస్తుందిలే' అని లెక్చరరే అన్నారట. మార్కులు పడిపోయాయి. నేను ఫోన్ చేస్తే 'మెల్లగా మాట్లాడమ్మా, పక్కోళ్ళకి వినిపిస్తాది' అంటున్నాడు. 'బాగా చదివి వాళ్ళ నోరు మూయించు' అని రోజూ చెబుతున్నాను. ఇంకేం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ మాట ఆపండమ్మా. మీరు ధైర్యం కోసమే అంటున్నారు, కాదనను. కానీ దాంతో ప్రతి లెక్కా బాబుకి జిల్లా పరువు సమస్య అయిపోతుంది. తప్పు చేస్తే 'చూశారా, అన్నట్టే అయింది' అంటారన్న టెన్షన్‌తోనే సగం బుర్ర నిండిపోతే ఇక లెక్క మీద దృష్టి ఎలా నిలుస్తుంది?

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి దారి కనుక్కునే పజిళ్ళు ఇచ్చారు. 2004లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కులం ప్రస్తావన లేనప్పుడు పిల్లలంతా ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, ఊరు, కులం చదివి వినిపించాక మాత్రం, తక్కువ కులమని ముద్ర వేయించుకున్న పిల్లలు వెనకబడ్డారు. తెలివి కాసేపట్లో తరిగిపోదు కదా! యాస పేరు చెప్పి చేసే ఎగతాళీ ఇలాగే పనిచేస్తుందని నా అభిప్రాయం.

అలాగని నెపమంతా దానిమీదే వేసెయ్యొద్దు. బాబు చదివింది తెలుగు మీడియమైతే, ఇంగ్లీషు ప్రశ్న అర్థం చేసుకోవడానికే టైం పోతూ ఉండొచ్చు. సెలవులకి వచ్చినప్పుడు టెస్ట్ పేపర్లు తెమ్మనండి. మార్కులు చూడకండి. ఏవి తప్పు చేశాడు, ఏవి అసలు ముట్టుకోలేదు అన్నది చూడండి. వదిలేసినవాటిని ఇంట్లో తాపీగా చెయ్యమనండి. అక్కడ వదిలేసినవి ఇక్కడ వచ్చేస్తుంటే, అడ్డుపడింది భయమేనని బాబుకే తెలుస్తుంది. ఈ భయం ఇలా పనిచేస్తుందని తెలిస్తేనే కొందరికి సగం భారం దిగుతుంది.

ఫోన్‌లో మాత్రం మీ యాస మార్చుకోకండి. 'ఏటి తిన్నావు' అనే అడగండి. మెల్లగా మాట్లాడమన్నాడని బాబుని కోప్పడకండి కూడా. బాబు సిగ్గుపడేది మీ వల్ల కాదు, నవ్వేవాళ్ళ వల్ల.

లెక్చరర్ సంగతి బాబుకి వదలకండి. పెద్దవాళ్ళే వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి. మీ అబ్బాయి పేరు పెట్టి కాదు, 'క్లాసులో జిల్లా పేరెత్తి ఎవరినీ అనొద్దు' అని అడగండి. తిండి మానేసినా, నిద్ర పట్టక పోయినా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా ఆలస్యం చెయ్యకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి.