పల్లెలో దుకాణం పెడతానంటున్న అమ్మాయికి పెట్టుబడి ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వయసు 29. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఆరేళ్ళుగా నగరంలో ఒక కంపెనీలో పంపుల డిజైన్ విభాగంలో పనిచేస్తోంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి, మా బంధువులున్న పల్లెకు వెళ్ళి, రైతుల మోటార్లు, పంపులు, మందు కొట్టే యంత్రాలు బాగుచేస్తూ విడిభాగాలు అమ్మే దుకాణం పెడతానంటోంది. నగరంలో ఊపిరాడటం లేదని, ఆ పల్లెలో అలాంటి దుకాణం లేదని చెబుతోంది. పెట్టుబడిలో సగం మా రిటైర్మెంట్ డబ్బులోంచి సర్దమంటోంది. వాళ్ళ నాన్నగారు ససేమిరా అంటున్నారు. నాకు అడ్డుపడాలని లేదు, అలాగని సరేనని అనడానికి ధైర్యమూ చాలడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీ అమ్మాయి చెప్పిన కారణాలు రెండు కనిపిస్తున్నాయి. నగరంలో ఊపిరాడటం లేదన్నది ఒకటి, ఆ పల్లెలో ఇలాంటి దుకాణం లేదన్నది రెండోది. మొదటిది ఉద్యోగం మారడానికి తగిన కారణమే తప్ప వ్యాపారం పెట్టడానికి కారణం కాదు. ఆరేళ్ళు ఒకే పనిలో అలసిపోయిన మనిషికి కొన్ని నెలల విశ్రాంతో, మరో విభాగమో, మరో యజమానో కావలసి ఉండవచ్చు. ఆ అలసటతోనే దుకాణం తెరిస్తే, ఉద్యోగంలో దొరికిన ఆదివారం కూడా ఇక్కడ దొరకదని మొదటి సీజన్‌లోనే తెలిసివస్తుంది. అందుకే ముందుగా ఆమెను ఒక్క మాట అడగండి: ఇదే జీతానికి, ఇంత ఒత్తిడి లేని ఉద్యోగం రేపు దొరికితే, ఈ దుకాణం ఆలోచన ఇంకా మిగులుతుందా? మిగలదంటే మనం మాట్లాడుకోవలసింది వేరే ఉద్యోగం గురించి. మిగులుతుందంటే, ఇకపై రాస్తున్నదంతా ఆమె చేత కూడా చదివించండి.

ఒక ఊళ్ళో ఒక దుకాణం లేదంటే, ఆ ఆలోచన ఇంతవరకు ఎవరికీ తట్టలేదని అర్థం కావచ్చు, లేదా పెట్టినవాళ్ళకు గిట్టుబాటు కాలేదని అర్థం కావచ్చు. తిమోతీ బ్రెస్నహాన్, పీటర్ రైస్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒకదానికొకటి దూరంగా ఉన్న 200కు పైగా చిన్న ఊళ్ళను పరిశీలించి 1991లో ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడ ఒక మందుల దుకాణం నిలబడటానికి సుమారు 500 మంది జనాభా సరిపోయింది గాని, రెండో దుకాణం కూడా బతకాలంటే సుమారు 2,000 మంది కావలసి వచ్చింది. ఆ అంకెలు ఆ ఊళ్ళవి, వాటిని మీ పల్లెకు అంటగట్టకూడదు. లెక్క నడిచే తీరును మాత్రం గమనించాలి. పోటీ రాగానే లాభం పలచబడుతుంది కనుక, రెండోవారికి చోటు దొరకాలంటే జనం రెండింతలైతే చాలదు. అందువల్ల తాను నిజంగా మొదటి మనిషేనా అన్నది మీ అమ్మాయి తేల్చుకోవాలి. బోర్డు లేకుండా, ఇంటి ముందు గోనె పరుచుకుని ఇరవై ఏళ్ళుగా మోటార్లు విప్పుతున్న మెకానిక్ ఒకరు ప్రతి ప్రాంతంలోనూ ఉంటారు. ఆయన లెక్కల్లో కనిపించరు గాని, అసలు పోటీ ఆయనతోనే. నా అభిప్రాయంలో ఆమెకు మొదటి భాగస్వామి కాదగినవారు కూడా ఆయనే.

ఇక్కడ లెక్కపెట్టవలసింది జనాన్ని కాదు, పంపులను. ఆ పల్లెలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఎన్ని పంపులున్నాయి, ఎన్ని హార్స్‌పవర్‌వి, ఏడాదికి ఎన్నిసార్లు ఆగిపోతాయి, ఆగినప్పుడు ఎక్కడికి మోసుకెళ్తున్నారు, తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతోంది అన్న వివరాలను ఆమె స్వయంగా తిరిగి ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. బంధువులు చెప్పిన ఉజ్జాయింపు మాటలు ఇందుకు పనికిరావు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈ తరహా వ్యాపారాన్ని నిలబెట్టేవీ పడగొట్టేవీ ఖాళీ నెలలే. నగరంలో జీతం నెలనెలా వస్తుంది గనుక ఖర్చు కూడా నెలనెలా జరిగిపోతుంది. పల్లెలో డబ్బు పంటతో వస్తుంది. నీళ్ళు పెట్టే రోజుల్లో ఊళ్ళోని పంపులన్నీ ఒక్కసారిగా నడుస్తాయి, ఒక్కసారిగా పాడవుతాయి, అందరికీ ఆ సాయంత్రానికే బాగుచేసి ఇవ్వాలి. వానలు పడితే మోటార్లు మూలన పడతాయి. ఏడాదిలో నాలుగు నెలలు ఊపిరి సలపనంత పని ఉండి, మూడు నెలలు ఓ మోస్తరుగా నడిచి, ఐదు నెలలు ఖాళీగా ఉంటుందనుకుందాం. అద్దె, సహాయకుడి జీతం, ఇంటి ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ నడుస్తాయి. విడిభాగాల అమ్మకంలో నూటికి 25 మిగులుతుందనుకుంటే, ఖర్చుల్లో ప్రతి 100కు 400 విలువైన సరుకు అమ్ముడుపోవాలి. ఈ లెక్కను నెల సగటు మీద వేసినవాళ్ళు కాగితం మీద లాభం చూసి, ఖాళీ కాలంలో చేతిలో పైసా లేక దుకాణం మూసుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే పన్నెండు నెలలకూ పన్నెండు గళ్ళు గీసి, ప్రతి గడిలో వచ్చేదీ పోయేదీ విడివిడిగా రాయమనండి. వరుసగా రెండు ఖాళీ కాలాలు గడవడానికి సరిపడే డబ్బు పెట్టుబడితో కలపకుండా పక్కన ఉంటేనే ముందుకు వెళ్ళాలన్నది నా గట్టి అభిప్రాయం.

దీనికి తోడు అరువు. రైతు చేతిలో డబ్బు లేని రోజునే పంపు ఆగిపోతుంది కాబట్టి, అరువు లేకుండా పల్లెలో ఈ పని చేయడం దాదాపు అసాధ్యం. నెల అమ్మకాల్లో నూటికి 40 అరువు కిందే పోయి, ఆ బాకీలు మూడు నెలలకు వసూలవుతాయనుకోండి. అంటే ఒక నెలా ఆరు రోజుల అమ్మకాలకు సమానమైన డబ్బు ఎప్పుడూ జనం దగ్గరే ఉంటుంది. ఇది కూడా పెట్టుబడే. బంధువుల ఊరు కావడంవల్ల ఈ చిక్కు పెరుగుతుందే గాని తగ్గదు, ఎందుకంటే పిన్ని కొడుకును బాకీ అడగడానికి నోరు రాదు. విడిభాగాలకు రొక్కం, కూలికి మాత్రం అరువు అన్న నియమాన్ని మొదటి రోజునుంచే అందరికీ ఒకేలా పాటించాలి. మధ్యలో పెట్టిన నియమాన్ని ఎవరూ లెక్కచేయరు.

పని చేతికి రావడం గురించి ఆమె ఆలోచించినట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు. పంపును డిజైన్ చేయడం వేరు, బురదలోంచి తీసిన పంపును బాగుచేయడం వేరు. చీకటి పడే వేళకు ఒక రైతు మోటారు తెచ్చి దించుతాడు. స్విచ్ వేస్తే మూలుగుతుంది గాని తిరగదు. అనుభవమున్న మెకానిక్ ముందు కరెంటు ఆపేస్తాడు, ఎందుకంటే అలా మూలుగుతూ ఉండనిస్తే వైండింగ్, అంటే లోపలి తీగచుట్ట, మాడిపోతుంది. తర్వాత షాఫ్టును చేత్తో తిప్పి చూస్తాడు. అది తేలిగ్గా తిరిగితే బేరింగులు బాగున్నాయని గ్రహించి, మోటారు తిరగడానికి మొదటి ఊపునిచ్చే కెపాసిటర్ మార్చి ఐదు నిమిషాల్లో పంపించేస్తాడు. కొత్తగా వచ్చినవారు మోటారంతా విప్పి రాత్రంతా కూర్చుంటారు. పైగా ఆ ఐదు నిమిషాల పనికి కూలి ఎంత అడగాలో కూడా తెలియదు. మోటారు వైండింగు చేసే చోట, అదీ పని ముమ్మరంగా ఉండే రోజుల్లో, కనీసం మూడు నెలలు పక్కన కూర్చుని చేతులకు నూనె అంటించుకోమనండి. ఏ విడిభాగాలు రోజూ కదులుతాయో, ఏవి అరలో ఏళ్ళతరబడి పడివుంటాయో ఆమెకు అక్కడే తెలుస్తుంది.

స్థలం విషయంలో ఒక పాత సంగతి చెబుతాను. తరువాతి కాలంలో వాల్‌మార్ట్ అనే భారీ దుకాణాల సంస్థను స్థాపించిన శామ్ వాల్టన్, 1945లో అమెరికాలోని న్యూపోర్ట్ అనే చిన్న ఊళ్ళో తన మొదటి దుకాణం తీసుకున్నారు. వ్యాపారం బాగా సాగింది. అయితే లీజు పత్రంలో గడువు ముగిశాక పొడిగించుకునే హక్కు రాయించుకోలేదు. ఐదేళ్ళ తరువాత స్థలం యజమాని పొడిగింపునకు ఒప్పుకోకపోవడంతో, ఆయన దుకాణం వదులుకుని బెంటన్‌విల్ అనే మరో చిన్న ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. బంధువుల ఇంటి ముందు గది ఉచితంగా వస్తుందని మీ అమ్మాయి అనుకుంటున్నట్లయితే, తక్కువో ఎక్కువో అద్దె పెట్టి, పొడిగింపు హక్కుతో పత్రం రాసుకోవడమే మేలు. నాలుగు ఊళ్ళ దారులు కలిసే చోట అద్దె కట్టినా, ఊరి లోపలి ఉచితపు గదికన్నా అదే గిట్టుతుంది.

ఇక మీరు అడిగిన డబ్బు సంగతి. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం అక్కడ కొత్త వ్యాపార సంస్థల్లో సుమారు ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే మూతపడుతుంది, ఐదేళ్ళు గడిచేసరికి మిగిలేవి దాదాపు సగం. మూతపడినవన్నీ నష్టంతోనే మూతపడ్డాయని కాదు గాని, పోయినా మళ్ళీ సంపాదించుకోగల వయసు మీ అమ్మాయికి ఉంది, మీకు లేదు. కాబట్టి రిటైర్మెంట్ డబ్బులోంచి సగం పెట్టుబడి ఇవ్వవద్దు. ఈ విషయంలో మీవారి మాటే సరైనది. అయితే ఆయన మొత్తం ఆలోచననే కాదంటున్నారు, అక్కడ ఆయనతో ఏకీభవించలేను. తిరిగి రాకపోయినా మీ వైద్యానికీ తిండికీ లోటు రానంత మొత్తం ఎంతో మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకుని, అంతే ఇవ్వండి. అది అప్పా, కానుకా అన్నది కాగితం మీద రాసుకోండి. మిగిలినదానికి ఆమె తన పొదుపును వాడుకోవాలి, లేదా దుకాణాన్ని చిన్నదిగా మొదలుపెట్టాలి. మొదటి ఏడాది మరమ్మతులు మాత్రమే చేస్తూ, విడిభాగాలను అవసరమైనప్పుడు తెప్పించుకుంటే పెట్టుబడి బాగా తగ్గిపోతుంది.

రాజీనామా మాత్రం ఇప్పుడే వద్దు. జీతం లేని సెలవు దొరుకుతుందేమో ముందు అడిగి చూడమనండి. దొరికితే ఆ సెలవును పని జోరుగా ఉండే రోజుల్లో కాకుండా, ఖాళీ నెలల్లోనే ఆ పల్లెలో గడపాలి, ఆ నెలలను తట్టుకోగలదా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఉద్యోగం వదిలితే జీతంతోపాటు వైద్య బీమా కూడా పోతుంది కనుక సొంత పాలసీ ముందే తీసుకోవాలి. రెండేళ్ళ తరువాత తిరిగి ఉద్యోగానికి రావలసి వస్తే తలుపులు మూసుకుపోతాయన్న భయం అక్కరలేదు. ఏ రకం పంపు ఎందుకు, ఎన్ని రోజులకు పాడవుతోందో తేదీలతో రాసి ఉంచిన ఇంజినీరును పంపుల కంపెనీలు ఆసక్తితోనే చూస్తాయి. ఆ పుస్తకం మొదటి మోటారుతోనే మొదలుకావాలి.

ఈ వారం ఆమెతో మాట్లాడేటప్పుడు అవునా కాదా అన్న జవాబు చెప్పకండి. పన్నెండు గళ్ళ కాగితం, పంపుల లెక్క రాసిన నోటుబుక్కు తెమ్మని అడగండి. అవి తెచ్చిన రోజున వాళ్ళ నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ముగ్గురూ కలిసి చూడండి.